టెండర్లు వెతికిపెట్టే సేవకు ఏడాది చందా కట్టాక: కడియం నుంచి ఒక నర్సరీ మాట

మాది బుర్రిలంకలో నాలుగెకరాల నర్సరీ. మొక్కల సంగతి మామగారూ మావారూ చూసుకుంటారు. బిల్లులు, బ్యాంకు, టెండరు కాగితాలు పదకొండేళ్లుగా నావి. హైవే పక్కన కారాపి నాలుగు గులాబీలు, ఒక మామిడి అంటు కొనుక్కుపోయేవారితో కడియం ప్రాంతం కళకళలాడుతుంది, నిజమే. కానీ ఒక్కసారిగా ఇరవై వేల కానుగ మొక్కలు కావలసినవారు కారాపి అడగరు. వారు నోటీసు వేస్తారు. ఆ నోటీసు ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో తెలుసుకోవడమే మాలాంటి చిన్నవారికి సగం పని.

ఆ వెతుకులాట నిరుటి దాకా చేత్తోనే చేసేదాన్ని. పొద్దున్న వంట అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్, కేంద్రం వారి టెండర్లు పెట్టే సీపీపీపీ, 2016లో మొదలైన ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్ వరసగా చూసేదాన్ని. ఆపైన పేపర్లో టెండరు ప్రకటనలు. గంటన్నర పట్టేది. ఇంట్లో పెళ్లో, ఎవరికైనా జ్వరమో వస్తే నాలుగు రోజులు చూడటం కుదిరేది కాదు. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లోనే మాకు పనికొచ్చే నోటీసు వచ్చి వెళ్లిపోయేది.

అందుకే నిరుడు జూన్‌లో 14,000 రూపాయలు కట్టి ఒక సేవ తీసుకున్నాను. అన్ని పోర్టళ్లలోని టెండర్లనూ, ప్రతిపాదనల ఆహ్వానాలనూ మెషీన్ లెర్నింగ్‌తో, అంటే ఉదాహరణలు చూసి తనే నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాంతో (ఇకమీద దాన్ని యంత్రం అంటాను) చదివించి, మన వ్యాపారానికి సరిపోయేవి ఏరి రోజూ పంపడం వారి పని. పేరు రాయడం లేదు. ఇలాంటి సేవలు ఇప్పుడు చాలానే ఉన్నాయి, నేను చెప్పబోయే మంచిలోనూ చెడులోనూ ఎక్కువ భాగం ఆ పద్ధతికే చెందినది. ఎవరి దగ్గర కొనబోయేవారికైనా ఇది పనికొస్తుందనే రాస్తున్నాను.

మొదటి నెల చాలా నిరాశపడ్డాను. చేరేటప్పుడు 'మీ వ్యాపారం గురించి రాయండి' అని ఒక పెట్టె ఇస్తారు. మా బోర్డు మీద ఉన్న మాటే అందులో ఇంగ్లీషులో పెట్టాను: మా నర్సరీలో అన్ని రకాల మొక్కలు సరఫరా చేయబడును. మర్నాటి నుంచి మురుగునీటి శుద్ధి ప్లాంట్లు, ఆక్సిజన్ ప్లాంట్లు, ప్లాంట్ అండ్ మెషినరీకి బీమా, ఇవి వచ్చాయి. నర్సరీ అన్నందుకు పిల్లల బడికి బల్లలు, బొమ్మలు, చేపపిల్లల నర్సరీ చెరువుల తవ్వకం వచ్చాయి. రోజుకు పది పన్నెండు మెయిళ్లు. మావారు రెండు రోజులు చూసి, 'డబ్బు వెనక్కి అడుగు' అన్నారు.

దసరా సెలవులకు మా అక్క కొడుకు వచ్చాడు. కాకినాడలో ఇంజనీరింగ్ మూడో ఏడాది. నా స్క్రీన్ చూసి, 'పిన్నీ, నువ్వు దానికి చెప్పింది ఒక్క వాక్యం. అందులో దానికి దొరికిన ఆనవాళ్లు ప్లాంట్, నర్సరీ, అంతే' అన్నాడు. తర్వాత వాడు చెప్పినది నాకు బాగా అర్థమైంది కాబట్టి ఇక్కడ రాస్తాను. యంత్రం ప్రతి నోటీసునూ, మనం రాసుకున్న పరిచయాన్నీ అంకెల వరుసలుగా మార్చుకుంటుంది. రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉంటే అంత పొంతన అనుకుంటుంది. ఈ లెక్కలో అన్ని మాటలకూ ఒకే బరువు ఉండదు. 'సరఫరా', 'పని', 'బిడ్డరు' ప్రతి నోటీసులోనూ ఉంటాయి కాబట్టి వాటికి బరువు తక్కువ. 'వట్టివేరు' వెయ్యింటిలో ఒక దాంట్లో వస్తుంది కాబట్టి దానికి బరువు ఎక్కువ. అరుదైన మాటకు ఎక్కువ విలువ కట్టే ఈ లెక్కను 1972లో కరెన్ స్పార్క్ జోన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రతిపాదించారట. ఇప్పటి యంత్రాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. ఒకే చోట కలిసి కనిపించే మాటలను దగ్గర చుట్టాలుగా గుర్తుపెట్టుకుంటాయి. కానుగ పక్కన వేప, వేప పక్కన రావి. మనం రావి అని రాయకపోయినా రావి ఉన్న నోటీసును పట్టుకోగలవు.

ఆ సాయంత్రం మేమిద్దరం, మామగారు కూర్చుని పరిచయం మళ్లీ రాశాం. మా దగ్గర నిజంగా నిల్వ ఉన్న 62 రకాల మొక్కలు, ఒక్కోదానికి తెలుగు పేరు, వ్యాపారంలో వాడే పేరు, శాస్త్రీయ నామం. శాస్త్రీయ నామాల్లో పాతదీ కొత్తదీ రెండూ ఉండాలి, ఇది ముఖ్యం. కానుగను ఒక ఇంజనీరు పొంగామియా పిన్నేటా అని రాస్తారు, ఇంకొకరు మిల్లెటియా పిన్నేటా అంటారు. చెట్టు ఒకటే. బ్యాగు సైజులు, ఎత్తులు, ఏ జిల్లాల దాకా లారీ పంపగలమో, మూడేళ్ల టర్నోవర్ ఎంతో కూడా రాశాం. పాత పని ఆర్డర్లు 11 స్కాన్ చేసి ఎక్కించాం. మామగారు ఒక్కో మొక్క పేరు చెబుతూ దాని పక్కన 'ఇది ఉప్పు నేలకు ఆగదు', 'ఇది గాలివానకు విరుగుతుంది' అని కూడా చెప్పారు. అవి రాయడానికి అందులో చోటు లేదు. నాకు అప్పుడే కొంచెం అనుమానం వచ్చింది.

పదిహేను రోజుల్లో మార్పు కనిపించింది. ఆక్సిజన్ ప్లాంట్లు పోయాయి. గ్రీన్ బెల్ట్ పనులు, రోడ్డు పక్క మొక్కలు, కాలనీ పార్కులు, క్యాంపస్ తోటల పెంపకం రావడం మొదలైంది. ఈ సేవకు నేను మార్కులు వేయవలసి వస్తే మొదట వేసేది ఇక్కడే. అంతకుముందు నేను ఎన్నడూ తెరిచి చూడని నోటీసుల్లో మా మొక్కలు ఉన్నాయని ఇది చూపించింది.

అందులో ఒకటి వివరంగా చెప్పాలి. నవంబరులో ఒక మెయిల్ చివర, 58 శాతం పొంతన అని వేసి, పొరుగు రాష్ట్రంలో ఒక రోడ్డు కట్ట వాలు రక్షణ పని ఉంది. మామూలుగా అయితే ఆ పేరు చూసి రాళ్లూ సిమెంటూ అనుకుని వదిలేసేదాన్ని. పత్రం 64 పేజీలు. 41వ పేజీలో, పని వివరాల పట్టికలో, వట్టివేరు పిలకలు! వట్టివేరు వేళ్లు పక్కలకు పాకకుండా నిలువునా దిగుతాయి, మూడు మీటర్ల లోతుకు కూడా పోతాయి. మట్టిని అవి పట్టి ఉంచినట్టు మరేదీ ఉంచదు. లంక పొలాల్లో గోదావరి కోత చూసినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. మామగారు మా కాలువ వైపు గట్టుకు వట్టివేరు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ టెండరు పని మొత్తం విలువ కోట్లలో ఉంది, మేం బిడ్డు వేయలేం. కానీ ఫలితం పోర్టల్లో పెట్టేదాకా ఆగి, పని దక్కించుకున్న కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వట్టివేరు ఎక్కడ తేవాలా అని చూస్తూనే ఉన్నారు. 40,000 పిలకలు జనవరిలో రెండు లారీల్లో పంపాం. డబ్బు ఫిబ్రవరిలో వచ్చింది. నా చందా ఆ ఒక్క పనితో తీరిపోయింది.

ఇప్పుడు దీని పక్కన ఇంకొకటి పెట్టి చూడండి. అదే నెలలో 93 శాతం పొంతనతో, మెయిల్‌లో అన్నిటికన్నా పైన, మడ మొక్కల నర్సరీ పెంపకం పని వచ్చింది. మాటలు చూస్తే యంత్రానికి తప్పు పట్టలేం. నర్సరీ ఉంది, మొక్కల పెంపకం ఉంది, గోదావరి ఉంది. కాకినాడ దగ్గర కోరంగి మడ అడవి చూసినవారికి తెలుసు, మడ మొక్క పెరగాలంటే సముద్రపు పోటు వచ్చి పోతూ ఉండాలి. ఆ పని ఏళ్ల తరబడి ఆ ఉప్పునీటిలో దిగి చేసినవారికే వస్తుంది. మేం పెంచేది కాలువ నీటితో, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపిన బ్యాగుల్లో. అంత పొంతన చూపిన పని మా చేత కానిది. పట్టిక అడుగున పడి ఉన్నది మాకు అన్నం పెట్టింది.

కాబట్టి ఆ శాతం అంకెను దయచేసి గెలిచే అవకాశంగా చదవకండి. మా వీధిలోనే ఇద్దరు అలా చదివి, 90 దాటినవే తెరుస్తామని చెప్పారు. అది మన పరిచయం రాతకూ నోటీసు రాతకూ ఉన్న దగ్గరతనం మాత్రమే. మన నేల, మన నీరు, బ్యాగుల్లో ఈరోజు ఉన్న మొక్క ఎత్తు దానికి తెలియవు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం ప్రకటించిన టెండరుకు మామూలుగా కనీసం మూడు వారాల గడువు ఇవ్వాలి. మూడు వారాల్లో కాగితాలు సిద్ధం చేయవచ్చు, పదడుగుల కానుగను సిద్ధం చేయలేం. నర్సరీవాడికి ప్రతి టెండరులోనూ మొదటి ప్రశ్న అదే: అడిగిన ఎత్తు, అడిగిన బ్యాగు సైజు, అడిగిన సంఖ్య ఇప్పుడు ఉన్నాయా? నిల్వ పట్టిక ఎక్కించే ఏర్పాటు ఉంటే ఈ సేవ విలువ రెట్టింపు అవుతుంది. రెండుసార్లు రాశాను, చేస్తామన్నారు.

అర్హత సంగతి కూడా అంతే. పని మాకు సరిపోవడం వేరు, ఆ పనికి మేం అర్హులం కావడం వేరు. టర్నోవర్ ఇంత ఉండాలి, ఇలాంటి పని అయిదేళ్లలో ఇంత విలువకు చేసి ఉండాలి, అంచనా విలువలో 2 నుంచి 5 శాతం దాకా ధరావతు కట్టాలి. ఇవన్నీ పత్రం మధ్యలో ఎక్కడో ఉంటాయి. యంత్రం వాటిని కొన్నిసార్లు చదివి పక్కన చూపిస్తుంది, కొన్నిసార్లు వదిలేస్తుంది. వదిలేసినప్పుడు వదిలేశానని చెప్పదు, అక్కడ ఖాళీ ఉంటుంది. ఖాళీని షరతు లేదని అనుకుంటే మోసపోతాం.

నాకు నిజంగా నష్టం జరిగింది మాత్రం 'వద్దు' బటన్ వల్ల. ప్రతి నోటీసు కింద 'కావాలి', 'వద్దు' అని రెండు బటన్లు ఉంటాయి. మన నొక్కుళ్లను చూసి యంత్రం నేర్చుకుంటుంది. చలికాలంలో తోటల అలంకరణ పనులు వరసగా వచ్చాయి, అన్నిటికీ మూడు కోట్ల టర్నోవర్ షరతు. పధ్నాలుగింటికి 'వద్దు' నొక్కాను. నేను వద్దన్నది వాటి పరిమాణాన్ని. యంత్రం నేర్చుకున్నది తోట పనులే వద్దని. ఫిబ్రవరి నుంచి ఆ రకం ఒక్కటీ రాలేదు. రాకపోవడం కనిపించదు కదా, నేను గమనించలేదు. మార్చిలో వేమగిరిలో మాకు తెలిసిన నర్సరీ ఆయన మావారికి ఫోన్ చేసి, 'బావగారూ, ఆ పార్కు పనికి మీరూ వేస్తున్నారా?' అని అడిగారు. దగ్గరలోని పార్కు, తొమ్మిది లక్షల పని, అచ్చంగా మాకు తగినది. గడువు ఆ రోజు సాయంత్రం అయిదు గంటలకు. మాకు ధరావతు డీడీ తీయడానికి కూడా సమయం లేదు. వంద చెత్త మెయిళ్లు వస్తే నాకు అరగంట పోతుంది. ఒక్క మంచిది రాకపోతే మూడు నెలల కూలీల జీతాలు పోతాయి. ఈ రెండు తప్పులూ సమానం కావని ఇలాంటి సేవ తయారుచేసేవారు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

ఆ రోజే వారి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తిన అమ్మాయి ఓపిగ్గా విన్నది, నా పాత నొక్కుళ్లన్నీ చెరిపించింది. మే నెలలో 'వద్దు' నొక్కగానే కారణం అడిగే ఏర్పాటు వచ్చింది: విలువ ఎక్కువ, దూరం ఎక్కువ, పని వేరు, గడువు చాలదు. నా ఒక్కదాని మాటకే పెట్టారని అనను, కానీ పెట్టినందుకు సంతోషించాను. అప్పటి నుంచి ఏరివేత చాలా నయమైంది. మీరు కొనబోయే సేవలో ఇలా కారణం చెప్పే వీలు లేకపోతే కొనవద్దు.

తెలుగు నోటీసుల దగ్గర ఈ సేవ పూర్తిగా విఫలమైంది. ఏప్రిల్, మే నెలల్లో నేను మళ్లీ పాత పద్ధతిలో చేత్తో కూడా వెతికి, రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టాను. నాకు దొరికి యంత్రానికి దొరకనివి ఏడు. అందులో అయిదు తెలుగులో వేసినవి. ఎందుకని మా అక్క కొడుకుని అడిగితే, వాడు ఒక పీడీఎఫ్ తెరిచాడు. 'వనమహోత్సవం కొరకు మొక్కల సరఫరా' అని పెద్ద అక్షరాలతో చక్కగా కనబడుతోంది. ఆ లైనును కాపీ చేసి ఖాళీ పేజీలో అతికించాడు. ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు, అర్థంలేని వరస. యూనికోడ్ కాని పాత ఫాంటులో టైపు చేస్తే కంటికి తెలుగు కనిపిస్తుంది, లోపల కంప్యూటర్‌కు తెలుగు ఉండదు. కొన్ని నోటీసులైతే వట్టి ఫోటోలు, ముద్ర కొంచెం వంకరగా పడినవి. యంత్రం చదవడానికి అక్కడ ఏమీ లేదు. మా డెల్టాలో చిన్న పనుల నోటీసులు ఎక్కువగా ఇలాగే వస్తాయి, చిన్న నర్సరీలకు అందే పనులూ అవే. ఫోటోలోని తెలుగు అక్షరాలను గుర్తుపట్టే పద్ధతులు వచ్చాయి. డబ్బు తీసుకునే సేవ ఆ పని చేయాలి.

ఇక సారాంశాలు. ప్రతి నోటీసుకూ పది లైన్ల సారాంశం యంత్రమే రాసి ఇస్తుంది. తొందరలో చూసుకోవడానికి బాగుంటాయి. వాటిని నమ్మి ధర వేయకూడదు. ఒక క్యాంపస్ పనికి సారాంశంలో 'అశోక మొక్కలు 200' అని ఉంది. మనవైపు అశోక అంటే రోడ్డు పక్క సన్నగా నిలువుగా పెరిగే నరమామిడి, పాలియాల్తియా. నేను దాని ధర వేసి ఉంచాను. రాత్రి మావారు అసలు పట్టిక తెరిచి చూస్తే అందులో సరాకా అసోకా అని స్పష్టంగా ఉంది. 'ఇది సీతమ్మవారు కూర్చున్న అశోకం, ఆ పొడుగు చెట్టు కాదు' అన్నారు. రెండిటికీ ధర వేరు, పెరిగే తీరు వేరు. నా ధరతో గెలిచి ఉంటే మొక్కకు మొక్క నష్టపోయేవాళ్లం. నోటీసు వచ్చాక చేసే సవరణలు కూడా వెంటనే అందవు. ఒకసారి మొక్కల సంఖ్య పెంచుతూ వేసిన సవరణ మాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. బిడ్డు వేసే ముందు పోర్టల్లో స్వయంగా చూడటం మానకండి.

ప్రతిపాదనల ఆహ్వానాల గురించి ఒక్క మాట. వాటిలో ధర ఒక్కటే చాలదు, తోట ఎలా వేస్తారో, రెండు మూడేళ్లు ఎలా కాపాడతారో, ఎంతమంది మనుషులను పెడతారో రాసి ఇవ్వాలి. మేం ఇప్పటిదాకా ఒక్కటే వేశాం, రాలేదు. కానీ అలాంటి పిలుపులు ఉంటాయన్న సంగతే నాకు ఈ సేవ వల్ల తెలిసింది. మామగారికి తెలిసిన విద్యకు మార్కులు వేసే చోటు అదొక్కటే కాబట్టి మళ్లీ వేస్తాం.

నా పుస్తకంలో లెక్క ఇది. పరిచయం తిరగరాశాక ఈ జూన్ దాకా వచ్చిన నోటీసులు 412. చూడగానే పక్కన పెట్టినవి 236. పని మాదే అయినా అర్హత లేనివి 118. పూర్తిగా చదివినవి 58. బిడ్డు వేసినవి 9, దక్కినవి 3. ఇవి కాక వట్టివేరు లాగే కాంట్రాక్టర్ల ద్వారా వచ్చినవి 2. అంతకుముందు ఏడాది నా చేత్తో వెతికి వేసినవి 4, దక్కినది 1. గంటన్నర వెతుకులాట ఇరవై నిమిషాలకు వచ్చింది, మిగిలిన సమయం పత్రాలు చదవడానికి పెడుతున్నాను. ఎక్కువ బిడ్లు వేయగలిగింది అందువల్లే.

ఈ జూన్‌లో చందా మళ్లీ కట్టాను. కట్టే ముందు తెలుగు నోటీసుల గురించి అడిగితే ఇంకా పని జరుగుతోందని జవాబు వచ్చింది. అందుకని సోమవారం, గురువారం పేపరూ పోర్టలూ నేనే చూస్తున్నాను. బుర్రిలంక, కడియపులంక, జేగురుపాడు వైపు నర్సరీలవారు ఎవరైనా ఇలాంటిది తీసుకోవాలనుకుంటే, పరిచయంలో రాయడానికి మొక్కల మూడు పేర్ల పట్టిక నా దగ్గర తయారుగా ఉంది. వచ్చి రాసుకుని వెళ్లవచ్చు. మీ దగ్గరున్న మొక్కల పేర్లు అందులో లేకపోతే చెప్పండి, కలుపుతాను.